గట్టు తెగింది ఎన్నింటికి?

పది గంటల ఐదు నిమిషాలకు కళ్ళజోడు పదిహేడో నంబరు గదిలో అడుగుపెట్టింది. పన్నెండు కొట్టేసరికి ఆ గది ఖాళీ చేయాలని తలుపు మీద కాగితం అంటించి ఉంది. అంటే ఆమె చేతిలో ఉన్నది గంటా యాభై అయిదు నిమిషాలు.

కళ్ళజోడు అంటే మనిషే. ఆ డిటెక్టివ్‌ని అందరూ అలాగే పిలుస్తారు. అద్దాలు పైకి తోసుకుంటూ ఆమె ఒక ప్రశ్న అడిగిందంటే అవతలివాడికి చెమట పడుతుందని పేరు. ఈ ఉదయం మాత్రం ఆమెకే చెమట పడుతోంది. గది రేకులది. అందులో ఆరుగురు మనుషులు, పదకొండు మూటలు, మడత పెట్టిన ఒక మంచం.

వరసగా మూడేళ్ళు వానలు మొహం చాటేశాక పొలం చేజారి, ఈ కుటుంబం పాత లారీ ఒకటి ఎక్కి, పదకొండు రోజులు పడమరకు ప్రయాణం చేసి, ఈ ద్రాక్షతోటకు కోత పనికి వచ్చింది. వచ్చి మూడు వారాలైంది. ఇవాళ తెల్లవారుజామున ఎవరో తోట చెరువు గట్టు కోశారు. సగం నీళ్ళు పోయాయి. ఆ గండి దగ్గర పారతో దొరికినవాడు ఈ ఇంటి పెద్దకొడుకు, పెద్దోడు. అతన్ని పంపు గదిలో పెట్టి తాళం వేశారు. పన్నెండింటికి కుటుంబం గేటు దాటాలి, పెద్దోడు పోలీసుల చేతికి వెళ్ళాలి. అతని భార్యకు నెలలు నిండి ఉన్నాయి.

కూలీల కాంపు నర్సు కళ్ళజోడుకు చిన్నమ్మ కూతురు. ఫోన్లో ఆమె చెప్పింది రెండే ముక్కలు. "అక్కా, ఆ పిల్ల లారీలో కంటుంది. నువ్వు రా."

గుమ్మంలో బెల్టు సారు నిలబడి ఉన్నాడు. తోట కాపలావాళ్ళకు పెద్ద. పొట్ట మీద నిలవని బెల్టును నిమిషానికోసారి పైకి లాక్కుంటాడు. ఎదురుగా ఎవరూ ఆ పేరుతో పిలవరు.

"మేడమ్, ఇప్పుడు బయల్దేరితే భోజనం వేళకి ఇంటికి చేరతారు. కేసు అయిపోయింది," అన్నాడు.

"అయిపోతే మీరెందుకు నిలబడ్డారు?"

"మీరెలా ఓడిపోతారో చూద్దామని."

"అయితే కూర్చుని చూడండి. నాకు కొంచెం టైము పడుతుంది."

కూర్చోడానికి మూటలు తప్ప ఏమీ లేవు. బెల్టు సారు నిలబడే ఉన్నాడు.

ఇంటికి పెద్ద నాయనమ్మ. ఎనభై దాటిన మనిషి. వెన్ను మాత్రం నిటారుగా ఉంది. కళ్ళజోడు ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నాయనమ్మా, మీ మనవడు పొద్దున ఎన్నింటికి లేచాడు?"

"ఐదున్నరకి. నేనే లేపాను. కోడలికి నడుం నొప్పిగా ఉందంటే నర్సమ్మకి కబురు పెట్టాం. ఆరుకి పది నిమిషాలుందనగా నర్సమ్మ వచ్చింది. దీపం పట్టుకున్నది వాడే. ఆరింటికి ఆవిడ వెళ్ళింది. వాడు టీ తాగి ఆరూ పదికి బిందె తీసుకుని నీళ్ళకి వెళ్ళాడు. ఇంక రాలేదు."

బెల్టు సారు పెద్దగా నవ్వాడు. "విన్నారా? ఐదూ ఇరవైకి అతన్ని గండిలో పట్టుకున్నది నేను. ఈ చేతుల్తో. ఆరూ పది దాకా ఇక్కడ టీ తాగుతున్నాడట. అతనికి రెండు ఒళ్ళున్నాయేమో కనుక్కోండి."

కళ్ళజోడు తండ్రిని అడిగింది. తల్లిని అడిగింది. మూటకు ఆనుకుని కూర్చున్న కోడలిని అడిగింది. తమ్ముణ్ణి విడిగా బయటికి తీసుకెళ్ళి అడిగింది. ఐదున్నర, ఆరుకి పది తక్కువ, ఆరు, ఆరూ పది. నిమిషం అటూ ఇటూ కాలేదు.

"అందరికీ ఒకటే పాఠం," అన్నాడు బెల్టు సారు. "అబద్ధమే అయినా శ్రద్ధగా చదివారు. మార్కులు వెయ్యొచ్చు."

కళ్ళజోడుకు లోపల బెంగ మొదలైంది. అబద్ధం చెప్పేవాళ్ళు ఎక్కడో ఒకచోట తడబడతారు. వీళ్ళు తడబడటం లేదు. కానీ పట్టుబడిన మనిషి పట్టుబడ్డ చోటే ఉన్నాడు కదా. ఆమె కోడలి పక్కన కూర్చున్న నర్సు వైపు తిరిగింది. "నువ్వు వచ్చింది ఎన్నింటికి?"

"ఐదుకి పది నిమిషాలు తక్కువ అక్కా. ఆరుకి కాదు. నా పుస్తకంలో రాసుకున్నాను. అతను దీపం పట్టుకున్నది మాత్రం నిజం."

"నర్సమ్మకి జాలి ఎక్కువ," అన్నాడు బెల్టు సారు. "ఈవిడ ఐదుకి అంటుంది, వాళ్ళు ఆరుకి అంటారు. అబద్ధం ఆడేముందు ఇద్దరూ ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాల్సింది. వీళ్ళ మాటా ఆవిడ మాటా కలిసి ఉంటే నేనే వెళ్ళి తాళం తీసేవాణ్ణి."

"ఆ మాట గుర్తుపెట్టుకోండి."

మూటల మీద ఐదేళ్ళ బుజ్జి కూర్చుని రొట్టె ముక్క నములుతోంది. పెద్దోడి కూతురు. దాని ముక్కు కారుతుంటే కళ్ళజోడు చేతిరుమాలు తీసి తుడిచింది. అలవాటు. ఇంట్లో తన పిల్లకి పళ్ళు వస్తున్నాయి, రాత్రి నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది, అత్తగారు మందు టైముకి వేశారో లేదో. ఆ ఆలోచనను పక్కకు నెట్టి అడిగింది.

"నాన్నని తీసుకెళ్ళినప్పుడు నువ్వు లేచే ఉన్నావా?"

"ఊఁ. అప్పటికి ఏడు కూత కూయలేదు."

"ఏడు కూతేంటి?"

"పనికి రమ్మని కూస్తుందిగా, అది."

"ఆరు కూత," అన్నాడు బెల్టు సారు. "ఈ తోటలో సైరన్ పెట్టిన దగ్గర్నుంచి ఆరింటికే కూస్తోంది."

"ఏడింటికి," అంది బుజ్జి.

"ఆరు."

"ఏడు. గడియారంలో ఏడు."

బెల్టు సారు బెల్టు లాక్కున్నాడు. "మేడమ్, చిన్నపిల్లతో నేను వాదించను."

"ఇప్పటిదాకా చేసిందేంటి మరి?" అని కళ్ళజోడు లేచి నిలబడింది. "నాయనమ్మా, మీ గడియారం ఏదీ?"

ముసలమ్మ ఒక మూట విప్పింది. మూడు చీరలు, ఒక తువ్వాలు, వాటి మధ్య పసిబిడ్డను చుట్టినట్టు చుట్టిన బల్ల గడియారం. టిక్కుటిక్కుమంటోంది. పదకొండూ ఇరవై నాలుగు చూపిస్తోంది. కళ్ళజోడు చేతి వాచీలో పదీ ఇరవై నాలుగు. బెల్టు సారు వాచీలోనూ అంతే.

"ఇది గంట ముందుంది."

"ముందేం లేదు. అది మా ఊరి టైము," అంది నాయనమ్మ. "ఊళ్ళో పొద్దు ఇక్కడికంటే ముందే పొడుస్తుంది. దారిలో టీకొట్టాయన చెప్పాడు, ఇక్కణ్ణించి గడియారం గంట వెనక్కి తిప్పుకోండి అని. నేను తిప్పనివ్వలేదు."

"ఎందుకు?"

"మా ఆవుని పక్కింటివాళ్ళకి అప్పగించి వచ్చాం. అది కొత్త చేతికి తొందరగా పాలివ్వదు. పాలు తీసే వేళకి రోజూ దాన్ని తలుచుకుంటాను. అక్కడ ఎంతైందో తెలియకపోతే ఎట్లా తలుచుకోను?"

 తండ్రి గడియారం వైపు చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "మాకు ఈ సంగతి తట్టలేదు మేడమ్. కూత వింటే వెళ్తాం, కూత వింటే వస్తాం. ఎవరైనా టైము అడిగితే గడియారం చూసి చెప్తాం. ఈ సారు పొద్దున అంత గట్టిగా అడిగారు కదా, నిమిషం తేడా రాకూడదని అందరం దాన్నే చూసి చెప్పాం."

బెల్టు సారు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఆరుకి పది తక్కువ అంటే ఐదుకి పది తక్కువ. నర్సు పుస్తకంలో ఉన్నది అదే.

"మీ పంపు కాపలావాడు ఏమన్నాడు?" అడిగింది కళ్ళజోడు.

"నాలుగూ యాభైకి చెరువు నిండుగా ఉంది. ఐదింటికి జానెడు దిగింది."

"గట్టు తెగింది ఆ పది నిమిషాల్లో. అప్పుడు పెద్దోడు ఈ గదిలో దీపం పట్టుకుని ఉన్నాడు. తాళం సంగతి ఏదో అన్నారు?"

"తీస్తాను," అన్నాడు బెల్టు సారు, పళ్ళు నొప్పెట్టినవాడిలా. "ముందు ఆ గండిలో పారతో ఏం చేస్తున్నాడో చెప్పండి. బంగారం తవ్వుతున్నాడా?"

"పదండి, చూద్దాం. పెద్దాయనా, మీరూ రండి. నాకు పార సంగతి తెలియదు."

బయట మేస్త్రీ లారీకి తాళ్ళు బిగిస్తున్నాడు. తోటకు కూలీలను తెచ్చేదీ పంపేదీ అతనే. తెల్లటి చొక్కా, మెత్తటి మాట. పక్కతోటకూ మనుషుల్ని అతనే కుదురుస్తాడు. "తొందరేం లేదు పెద్దాయనా," అన్నాడు. "నిదానంగా సర్దుకోండి. పన్నెండుకి గేటు దగ్గరుంటే చాలు. కోడలమ్మకి లారీలో పరుపు కూడా వేయించాను."

"మంచి మనిషి," అంది కళ్ళజోడు నడుస్తూ.

"చాలా," అన్నాడు బెల్టు సారు.

పదీ నలభై అయిదుకు గట్టు ఎక్కారు. మూరన్నర వెడల్పు గండి. ఇప్పుడు పూడ్చి ఉంది. తండ్రి దాని ముందు గొంతుక్కూర్చుని, కోసిన అంచును వేలితో తడిమాడు.

"కోసిందొకరు మేడమ్, కట్టిందొకరు. ఇది కోసినవాడు జన్మలో నీళ్ళు తిప్పలేదు. మట్టంతా కిందికి విసిరేశాడు, నీళ్ళతో కొట్టుకుపోయింది. మళ్ళీ కట్టాల్సినవాళ్ళం మేం మట్టిని చేతికందేలా పక్కన పెట్టుకుంటాం. ఇంకోటి చూడండి. అంచు ఎంత తిన్నగా ఉందో. మూలలు కూడా తీశాడు. గట్టుకి ఇంత సొగసెందుకు?"

"కట్టినవాడు?"

"మావాడే. మట్టి దొరక్క లోపలివైపు గడ్డి పెళ్ళలు తవ్వి తెచ్చాడు. గడ్డి కిందికి, వేళ్ళు పైకి, మడమతో తొక్కుడు. నేను నేర్పిందే." ఆయన ఒక పెళ్ళను అరచేత్తో సర్దాడు. "నీళ్ళు వృథాగా పోతుంటే చూస్తూ ఊరుకోలేడు మేడమ్. మూడేళ్ళు మబ్బుల వంక చూసి చూసి ఉన్నాడు."

కళ్ళజోడు బెల్టు సారు వైపు తిరిగింది. "మీరు పట్టుకోగానే అతను ఏమన్నాడు?"

బెల్టు సారు చెరువు వైపు చూశాడు. "ఒక్క నిమిషం ఆగండి సారూ, ఇంకో నాలుగు పెళ్ళలు పెట్టి వస్తానన్నాడు."

"పెట్టనిచ్చారా?"

"నీళ్ళు పోతున్నాయి కదా మేడమ్."

"అంటే దొంగ చేతే దొంగతనం ఆపించి, ఆ తర్వాత అరెస్టు చేశారు."

 బెల్టు సారు చెవులు ఎర్రబడ్డాయి.

కళ్ళజోడు గట్టు దిగి తడి వెంట నడిచింది. నీళ్ళు నాలుగు దిక్కులా పారలేదు. గండి కింద ఒక పాత కాలవ ఉంది. దాని అడుగు తాజాగా చెక్కి ఉంది. పీకిన గడ్డి ఇంకా పూర్తిగా వాడిపోలేదు. కాలవ రెండొందల అడుగులు పోయి, కంచె కిందుగా పక్కతోటలోకి దూరింది.

"ఇది ఎవరు బాగుచేయించారు?"

"మేస్త్రీ. నిన్న. వానొస్తే నీళ్ళు నిలవకూడదని."

"ఇక్కడ వాన పడి ఎన్నాళ్ళైంది?"

"ఐదు నెలలు," అని బెల్టు సారు ఆగాడు.

"వీళ్ళు పన్నెండింటికే వెళ్ళాలని ఎవరు నిర్ణయించారు?"

"మేస్త్రీయే. యజమాని ఊళ్ళో లేడు, ఫోన్లో ఒప్పించాడు. పంపేటప్పుడు గొడవ కావచ్చు, మీ కాపలావాళ్ళు ఆరుగురూ గేటు దగ్గరే ఉండాలన్నాడు."

"మరి ఆ టైములో చెరువు దగ్గర ఎవరుంటారు?"

బెల్టు జారిపోతోంది. ఆయనకు దాన్ని లాక్కోవాలని తోచలేదు.

"ఎవరూ ఉండరు మేడమ్."

"పెద్దోడు అడ్డుపడబట్టి సగమే వెళ్ళాయి. మిగతా సగానికి పన్నెండింటికి వస్తారు."

పదకొండూ ఇరవైకి పంపు గది తాళం తీశారు. పెద్దోడు గచ్చు మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ దాకా బురద ఎండిపోయి ఉంది. మొదట అడిగింది భార్య గురించే. బాగుందని చెప్పాక కళ్ళజోడు అడిగింది.

"గట్టు దగ్గర ఎవరిని చూశావు?"

"చీకటి మేడమ్. కనిపించలేదు."

"పారుతున్న నీళ్ళు కనిపించాయి, మనిషి కనిపించలేదా?"

అతను నేల చూపులు చూశాడు.

"చెప్పకపోతే మీ వాళ్ళకి నీడ పోతుంది."

"తెలుసు మేడమ్."

అంతకుమించి ఒక్క మాట రాలేదు. తెలిసీ చెప్పనివాడంటే కళ్ళజోడుకు దొంగకంటే ఎక్కువ భయం. అయినా అతన్ని వెంటబెట్టుకుంది.

ఇక మిగిలింది నాటకం. గేటు దగ్గర అంతా మేస్త్రీ అనుకున్నట్టే జరుగుతున్నట్టు వినిపించాలి. ఆ పని నాయనమ్మకు అప్పగించారు.

"గట్టిగా ఏడవాలి నాయనమ్మా. చెరువు దాకా వినపడాలి."

"మనవణ్ణి వదిలేశారుగా, ఎందుకేడవాలి?"

"ఊరికే."

"ఊరికే ఏడుపెట్లా వస్తుందే?" ముసలమ్మ కాసేపు ఆలోచించింది. "సరేలే. ఊరొదిలిన రోజు ఏడుద్దామనుకున్నా, లారీ ఎక్కే హడావిడిలో కుదర్లేదు. అది ఇప్పుడు ఏడుస్తా."

పన్నెండుకు రెండు నిమిషాలుందనగా కళ్ళజోడు, బెల్టు సారు, పెద్దోడు ద్రాక్ష పందిరి కింద బోర్లా పడుకున్నారు. గేటు వైపు నుంచి నాయనమ్మ అందుకుంది. పొలాన్ని పిలిచి ఏడ్చింది, బావిని పిలిచి ఏడ్చింది, గుమ్మాన్ని పిలిచి ఏడ్చింది. కాపలావాళ్ళలో ఒకడు కూడా గొంతు కలిపినట్టున్నాడు.

"వాడు మావాడే," అన్నాడు బెల్టు సారు చిన్నగా. "ఏడవమని నేను చెప్పలేదు."

"మాట్లాడకండి."

"బెల్టు పొడుచుకుంటోంది మేడమ్."

"తీసేయండి."

"తీస్తే పరిగెత్తలేను."

పన్నెండూ నాలుగుకు కంచె కింద నుంచి ఒక మనిషి పాకుతూ వచ్చాడు. సన్నటివాడు. ఒక చేతిలో పార. మెడలో కొలత టేపు వేలాడుతోంది. గట్టెక్కి, పూడ్చిన చోటికి పక్కన బొటనవేలి గోటితో తిన్నగా ఒక గీత గీశాడు. కళ్ళజోడు పక్కన పెద్దోడు కళ్ళు మూసుకున్నాడు.

"కదలొద్దు," అంటూ బెల్టు సారు లేచాడు.

వచ్చినవాడు పారను తన కాలి మీదే పడేసుకున్నాడు. కుంటుతూ చూస్తే పెద్దోడు కనిపించాడు. "బావా? నువ్విక్కడేం చేస్తున్నావు?"

పెద్దోడు నెమ్మదిగా అన్నాడు. "పొద్దున నన్ను పట్టుకోకముందు నేను చూసింది ఇతన్నే మేడమ్. నా భార్యకి అన్న. దర్జీ. పుట్టింటి నుంచి దానికి మిగిలింది ఇతనొక్కడే. ఈ నెలలో దానికి చెప్పడం నా వల్ల కాలేదు."

లారీలో చోటు చాలక దర్జీ దారిలోనే దిగిపోయాడు. తర్వాత పక్కతోటలో తేలాడు. అక్కడే మేస్త్రీ అతనికి ఆశ పెట్టాడు. ఈ నీళ్ళు ఆ తోటకు చేరిస్తే చెల్లెలి కుటుంబాన్ని అక్కడికి మార్పిస్తాడట. కాన్పుకు గోడలున్న గది ఇప్పిస్తాడట.

"చీకట్లో ఎవరో వస్తుంటే పార అక్కడే పడేసి పారిపోయాను. అది నువ్వని తెలీదు బావా. నిన్ను పట్టుకున్నారని ఇప్పుడే వింటున్నా," అంటూ దర్జీ కూలబడ్డాడు. "దానికి రేకుల గది వద్దని కోశాను."

"మేస్త్రీ ఎక్కడ?" అడిగింది కళ్ళజోడు.

"కాలవ చివర. నీళ్ళు రాగానే అక్కడి తూము తెరుస్తానన్నాడు."

"నీళ్ళు రాకపోతే అనుమానిస్తాడు," అన్నాడు బెల్టు సారు. ఆయన మొహంలో మొదటిసారి ఉత్సాహం కనిపించింది. పెద్దోడి వైపు తిరిగాడు. "బెత్తెడు కొయ్యి. నేను కంచె పక్కగా వెళ్ళి పట్టుకుంటాను. గట్టు కోశావని నిన్ను లోపలేశాను, ఇప్పుడు నేనే కొయ్యమంటున్నాను. ఈ సంగతి ఎవరితోనూ అనకు."

పెద్దోడు నాలుగు పోట్లలో బెత్తెడు దారి తీశాడు. నీళ్ళు పాములా కాలవలోకి జారాయి. బెల్టు సారు రెండు చేతులా బెల్టు పట్టుకుని పరిగెత్తాడు.

అప్పుడే గేటు దగ్గర నాయనమ్మ ఏడుపు ఠక్కున ఆగింది.  తర్వాత వేరే గొంతు. ఒకే ఒక్క కేక. అది నటన కాదని, ఏడాది కిందట తనూ అలాగే అరిచిన కళ్ళజోడుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"వెళ్ళండి," అంది. "ఇద్దరూ."

"నీళ్ళు మేడమ్," అన్నాడు పెద్దోడు.

"నేను కడతాను."

"మీకు వచ్చా?"

"రాదు. వెళ్ళండి."

బావలిద్దరూ ఒకడు బురదతో, ఒకడు కుంటుతూ పరుగు తీశారు. కళ్ళజోడు పార అందుకుంది. మొదటి పెళ్ళ నీళ్ళలో కలిసిపోయింది. రెండోది ఆమె చెప్పు మీద పడింది. మూడోది నిలిచింది. ఆమె దాన్ని మడమతో తొక్కుతుండగా కంచె అవతల నుంచి బెల్టు సారు కేక వినిపించింది.

"మేడమ్, ఇక్కడ ఎవరూ లేరు."

"కాలవ చివర ఉండేవాడు దొరికిపోతాడు కదా మేడమ్," అంది ఒక మెత్తటి గొంతు, ఆమె వీపుకు మూడడుగుల దూరంలో. "అందుకే అక్కడుంటానని అందరికీ చెప్తాను. ఉండను."

ఆమె తిరిగి చూసింది. తెల్లటి చొక్కా మీద ఒక్క చుక్క బురద లేదు. మేస్త్రీ చేతిలో లారీ చక్రాలు విప్పే ఇనుప కడ్డీ ఉంది. దాన్ని గొడుగులా పట్టుకుని, మర్యాదగా నవ్వుతున్నాడు.

"ఆ కుటుంబం ఎలాగూ వెళ్ళిపోయేదే," అన్నాడు. "మీరు పది నిమిషాలు కళ్ళు మూసుకుని ఉంటే, ఇంకో గంటలో లారీ కదులుతుంది. ఎవరికీ నష్టం లేదు."

"లారీ కదలదు," అంది కళ్ళజోడు. "ఆ పిల్ల గోడలున్న గదిలోనే కంటుంది."

మేస్త్రీ ఒక అడుగు ముందుకు వేశాడు. కళ్ళజోడు పారను రెండు చేతులా తల మీదికి ఎత్తింది. అది ఎటు వెళ్తుందో ఆమెకే తెలియదు. ఆమెకు తెలియదన్న సంగతి మేస్త్రీకి తెలిసింది. ఎటు పడుతుందో తెలియని పారను తప్పించుకోవడం కష్టం. అతని నవ్వు మొదటిసారి కొంచెం తగ్గింది.